కీ వాచీల విడిభాగాలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఇంట్లో ఆగిపోయి పడి ఉన్న కీ వాచీల గురించి రాసి పంపమని కిందటి నెల ఈ శీర్షికలో కోరాము. వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే మాట చుట్టూ తిరిగాయి: "సామాను దొరకడం లేదట." వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. వాచీ లోపలి యంత్రాన్ని మన దగ్గర బాగుచేసేవాళ్ళు మిషన్ అంటారు కనుక నేనూ ఆ మాటనే వాడతాను.

ప్రశ్న: మా నాయన పంతులుగా పనిచేసిన రోజుల్లో కొనుక్కున్న హెచ్‌ఎంటీ జనతా వాచీ నా చేతిలోంచి జారి బండల మీద పడి ఆగిపోయింది. మా ఊళ్ళో బాగుచేసే ఆయన "బ్యాలెన్స్ పోయింది, దీని సామాను ఇప్పుడు రాదు, లోపల బ్యాటరీ మిషన్ వేసి ఇస్తాను" అంటున్నాడు. వేయించమంటారా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: వేయించవద్దు. బ్యాటరీ మిషన్ వేయడమంటే ఒకటి తీసి ఇంకొకటి పెట్టడంతో అయిపోయే పని కాదు. డయల్ వెనుక రెండు సన్నని కాళ్ళు ఉంటాయి. అవి పాత మిషన్‌లోని రంధ్రాలలో కూర్చునేలా చేసినవి కనుక కొత్త మిషన్ కోసం వాటిని కోసివేసి, డయల్‌ను జిగురుతోనో అంటుపట్టీతోనో నిలబెడతారు. పాత ముళ్ళు కొత్త ఇరుసులకు సరిపోవు కనుక వాటినీ మారుస్తారు. ఆ పని జరిగాక మీ చేతికి వచ్చేది మీ నాయన వాచీ డబ్బా మాత్రమే. రేపు అసలు సామాను దొరికినా, కాళ్ళు పోయిన డయల్‌ను మళ్ళీ సరిగా కూర్చోబెట్టడం చాలా కష్టం.

పైగా సామాను రాదన్న మాట జనతా విషయంలో నిజం కాదు. హెచ్‌ఎంటీ సంస్థ 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో వాచీల కర్మాగారం పెట్టింది. జనతా లోపలి మిషన్ ఆ సిటిజన్ నమూనా మీద తయారైనదే. వెనుక మూత తీసి చూస్తే 020 లేదా 0231 అన్న అంకె, 17 జ్యువెల్స్ (ఇరుసుల కొసలు తిరిగే చిన్న రాళ్ళు) అన్న మాట కనిపిస్తాయి. ఈ కుటుంబపు మిషన్‌నే పైలట్‌లోనూ, జవాన్‌లోనూ, ఇంకా అనేక కీ నమూనాలలోనూ పెట్టారు. హెచ్‌ఎంటీ వాచీల సంస్థను మూసివేయాలని కేంద్ర మంత్రివర్గం 2016లో నిర్ణయించిన మాట నిజమే కానీ, అంతకుముందు దశాబ్దాల పాటు పెండ్లికొడుక్కి వాచీ, సైకిలు, రేడియో పెట్టడం ఆనవాయితీగా నడిచిన మన జిల్లాలలో ఈ మిషన్లు ఎన్ని ఇళ్ళలో పడి ఉన్నాయో మీరే ఊహించవచ్చు. అందుచేత మీరు వెతకవలసింది కొత్త విడిభాగం కోసం కాదు. డయల్ పాడైపోయి, గాజు పగిలి, ఎవరూ పెట్టుకోని స్థితిలో ఉన్న ఇంకొక హెచ్‌ఎంటీ కీ వాచీ కోసం వెతకండి. దాని మిషన్ మీద కూడా అదే అంకె ఉంటే, దాని బ్యాలెన్స్, అంటే అటూ ఇటూ ఊగుతూ టైమును నిలబెట్టే చక్రం, మీ వాచీకి పనికివస్తుంది.

అంతకంటే ముందు, "బ్యాలెన్స్ పోయింది" అన్న మాటకు అర్థం ఏమిటో ఆయనను అడగండి. ఆ మాట కింద మూడు వేర్వేరు జబ్బులు దాక్కుంటాయి. బ్యాలెన్స్ చక్రానికి మధ్యలో ఉండే ఇరుసును స్టాఫ్ అంటారు. దాని రెండు కొసలు మిల్లీమీటరులో పదో వంతు లావు మాత్రమే ఉంటాయి. దెబ్బకు ఆ కొస విరిగితే చక్రం ఒక పక్కకు వాలి గిలగిల కొట్టుకుంటుంది. రెండవది, ఆ చక్రాన్ని ఊగించే వెంట్రుకంత సన్నని హెయిర్ స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అంటుకోవడం. నూనె చేరినా, అయస్కాంతం సోకినా ఇలా జరుగుతుంది. అప్పుడు వాచీ ఆగనైనా ఆగుతుంది, లేదా విపరీతంగా ముందుకు పరుగెడుతుంది. దీనికి ఏ సామానూ అక్కరలేదు, శుభ్రం చేసి అయస్కాంతం తీసివేస్తే చాలు. మూడవది, దెబ్బ తగలకుండా కాపాడే ఏర్పాటు, అంటే జనతా డయల్ మీద పారాషాక్ అని రాసి ఉండేది, తన చోటు నుంచి కదలడం. అక్కడ ఒక చిన్న రాయిని పట్టి ఉంచే స్ప్రింగు ఆవగింజలో సగం కూడా ఉండదు. అది ఎగిరిపోతే కొత్త వాచీ అయినా ఆగుతుంది. నేను ఈ పని నేర్చుకుంటున్న రోజుల్లో అలాంటి స్ప్రింగు ఒకటి ఎగిరిపోతే నల్లగొండలో మా ఇంటి సిమెంటు గచ్చు మీద అయస్కాంతం పట్టుకొని రెండు సాయంత్రాలు పాకాను, దొరకలేదు. పారాషాక్ ఉన్న వాచీలో స్టాఫ్ విరగడం తక్కువ కనుక, కంటి అద్దం పెట్టి మీకు కూడా చూపించమని అడగండి. చూపించడానికి ఇష్టపడని మనిషి దగ్గర ఆ వాచీని వదిలి రాకండి.

నిజంగా స్టాఫే విరిగి ఉంటే, దాన్ని ఒక్కదాన్నే మార్చడం లేత్ మీద చేయి తిరిగినవారి పని. అలాంటివారు ఇప్పుడు తక్కువ. కనుక చక్రం, హెయిర్ స్ప్రింగ్, స్టాఫ్ కలిసి ఉన్న మొత్తం బ్యాలెన్స్‌ను వేయించడం మేలు. హెయిర్ స్ప్రింగును ప్రతి చక్రానికీ జతచూసి, గంటకు 18,000 కొట్టుడు వచ్చేలా సరిచేసి పెడతారు. ఒకదాని చక్రం, ఇంకొకదాని స్ప్రింగు కలిపితే టైము నిలవదు. చివరగా, ఒక్క భాగానికి పాత వాచీ మొత్తం ధర కంటే ఎక్కువ అడిగితే ఇవ్వకండి. ఆ డబ్బుతో ఆ పాత వాచీనే కొంటే ఇంకో పది భాగాలు మీ దగ్గర మిగులుతాయి.

ప్రశ్న: మా తాత సాగర్ డ్యాం కట్టేటప్పుడు పనిచేశారు. ఆయన ఫేవర్ లూబా వాచీకి లోపల ఒక చక్రం అరిగిందని తేలింది. హైదరాబాదులో సామాను అమ్మే దుకాణంలో "ఫేవర్ లూబాకు కావాలి" అంటే, "ఏ మిషన్?" అని అడిగి నవ్వారు. కంపెనీ పేరు చెబితే సరిపోదా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: నవ్వడం మర్యాద కాదు కానీ, ఆయన అడిగిన ప్రశ్న సరైనదే, పాత స్విస్ వాచీల విడిభాగాల వెతుకులాట అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

డయల్ మీద పేరున్న కంపెనీలలో చాలావాటికి సొంత మిషన్ ఉండేది కాదు. స్విట్జర్లాండులో మిషన్లు మాత్రమే చేసే కర్మాగారాలు వేరుగా ఉండేవి. గ్రెంచెన్ ఊరిలోని ఏ. షిల్డ్, ఫోంటెన్‌మెలోన్‌లోని ఎఫ్‌హెచ్‌ఎఫ్, ఇంకా ఎటా, యూనిటాస్, పెసో వంటివి ముడి మిషన్లు తయారుచేసి అమ్మితే, వాచీ కంపెనీలు వాటికి మెరుగుపెట్టి, తమ పేరు చెక్కించి, తమ డబ్బాలో పెట్టి అమ్మేవి. 1926 నుంచి ఇలాంటి పెద్ద కర్మాగారాలు ఒక్కొక్కటిగా ఎబోష్ అనే ఒకే సంస్థ గొడుగు కిందికి వచ్చాయి. దీనివల్ల మనకు గొప్ప మేలు జరిగింది. పది పేర్ల వాచీలలో ఒకే మిషన్ ఉండవచ్చు కనుక, పేరున్న వాచీకి కావలసిన చక్రం ఎవరికీ పట్టని అనామకపు వాచీలో చవకగా దొరకవచ్చు. అయితే ఒకే పేరు మీద వచ్చిన పది వాచీలలో పది రకాల మిషన్లు ఉండే అవకాశమూ అంతే ఉంది.

అందుచేత వాచీ వెనుక మూత తీయించి, బ్యాలెన్స్ చక్రం కిందుగా, అడుగు పలక అంచున చూడండి. చిన్న డాలు ఆకారంలోనో గుండ్రని గీతలోనో ఏఎస్ (ఏ. షిల్డ్), ఎఫ్‌హెచ్‌ఎఫ్ వంటి అక్షరాలు, పక్కన ఒక అంకె కనిపిస్తాయి. చక్రం అడ్డుగా ఉంటుంది కనుక వాచీని ఏటవాలుగా పట్టి, పక్క నుంచి వెలుతురు పడేలా చేసి ఫోనుతో ఫొటో తీస్తే కంటికి కనపడనిది కూడా తెలుస్తుంది. కొన్నింటిలో ఆ గుర్తు డయల్ కింద ఉంటుంది. పై పలక మీద పెద్ద అక్షరాలతో చెక్కిన కంపెనీ పేరు చూసి ఇదే అనుకోకండి. అది అమ్మినవాళ్ళ పేరు, మనకు కావలసింది చేసినవాళ్ళ గుర్తు.

గుర్తు అరిగిపోయినా, అసలు లేకపోయినా రెండు ఆధారాలు మిగులుతాయి. మొదటిది మిషన్ అడ్డుకొలత. స్విస్ వాళ్ళు దాన్ని లీన్యలలో చెబుతారు. ఒక లీన్య సుమారు 2.256 మిల్లీమీటర్లు. రెండవది డయల్ కింద, కీ ఇచ్చే కాడ దగ్గర ఉండే సెట్టింగ్ లీవరు, దాన్ని నొక్కిపట్టే స్ప్రింగు పలక. ప్రతి మిషన్‌లో ఈ పలక ఆకారం వేరుగా ఉంటుంది. పాత పనివాళ్ళ దగ్గర ఉండే కేటలాగులలో పుటల కొద్దీ ఈ పలకల బొమ్మలే ఉండటానికి కారణం ఇదే. కొలతా బొమ్మా కలిస్తే మిషన్ తేలిపోతుంది.

మిషన్ తేలాక, భాగానికి కూడా అంకె ఉంటుంది. స్విస్ వాళ్ళు అన్ని మిషన్లకూ ఒకే వరుస అంకెలు వాడారు: 401 అంటే కీ కాడ, 443 సెట్టింగ్ లీవరు, 705 ఎస్కేప్ చక్రం, 723 బ్యాలెన్స్ స్టాఫ్, 770 మెయిన్ స్ప్రింగు, అంటే కీ ఇస్తే చుట్టుకొని వాచీని నడిపేది. "ఫలానా మిషన్, 705 కావాలి" అని అడిగితే, హైదరాబాదులోనే కాదు, బొంబాయి చోర్ బజారులోనైనా, జర్మనీలోని అమ్మకందారుకైనా అర్థమవుతుంది. మీ దుకాణదారు కూడా ఈసారి నవ్వడు.

ఫేవర్ లూబాలో ఒక జాగ్రత్త. 1960లలో ఆ కంపెనీ సొంతంగా చేసిన కొన్ని పలుచని మిషన్లలో, ఉదాహరణకు 253 వంటి వాటిలో, మెయిన్ స్ప్రింగు కూర్చునే పెట్టెలు రెండు ఉంటాయి. మీది ఆ జాతి అయితే బయటి కర్మాగారాల సామాను సరిపోదు. అలాంటి మిషన్ ఉన్న ఇంకో ఫేవర్ లూబానే సంపాదించాలి. మూత తీసిన రోజునే ఈ సంగతి తెలిసిపోతుంది.

ప్రశ్న: నా దగ్గర ఉన్న రోమర్ వాచీ కీ లాగితే కాడతో సహా ఊడి వస్తోంది. కీ దొరకదు అంటున్నారు.
– ఒక పాఠకుడు, గద్వాల

జవాబు: విరగకుండా మొత్తం కాడ ఊడి వస్తుంటే సామానుతో పనే లేకపోవచ్చు. కాడ మీది గాడిలో కూర్చొని దాన్ని పట్టి ఉంచే సెట్టింగ్ లీవరు మరను ఎవరో ఎక్కువగా వదులు చేసి ఉంటారు. కాడ తీయడానికి ఆ మరను ఒకటి రెండు చుట్లు తిప్పితే చాలు, అంతకు మించి తిప్పితే లీవరు డయల్ కింద పడిపోతుంది, మళ్ళీ డయల్ తీస్తే తప్ప అందదు. కాడ ఆ గాడి దగ్గరే విరిగి ఉంటే మాత్రం కొత్తది కావాలి. రోమర్ వాళ్ళు ఎంఎస్‌టీ గుర్తుతో సొంత మిషన్లు చేసుకున్నారు కనుక పై జవాబులో చెప్పిన పేరు మార్చి వెతికే ఉపాయం ఇక్కడ పారదు. అయినా కాడ అనేది లేత్ ఉన్న పనివాడు తయారుచేయగల భాగం. కీ గుండీని మాత్రం మర కొలత చూసి కొనాలి. చాలా వాచీలలో అది 0.90 మిల్లీమీటర్లు ఉంటుంది, కానీ మీ కాడను కొలిపించకుండా కొనకండి.

ప్రశ్న: 1980లలో మా అన్న దుబాయి నుంచి తెచ్చిన సీకో 5 వాచీ నిమిషానికి ఒకసారి ఆగి మళ్ళీ నడుస్తోంది. దీనికి కీ కూడా లేదు. ఏ సామాను అడగాలో ఎలా తెలుసుకోవాలి?
– ఒక పాఠకుడు, నాగర్‌కర్నూలు

జవాబు: సీకో ఈ విషయంలో మన పాలిట దేవుడు. మూత తీయనక్కరలేదు, వెనుక మూత మీదే అంతా చెక్కి ఉంటుంది. అడ్డగీతకు ముందున్న నాలుగు అంకెలు మిషన్‌వి, తరువాతవి డబ్బావి. మీరు పంపిన ఫొటోలో ముందు 7009 అని ఉంది. అది 17 రాళ్ళ ఆటోమేటిక్ మిషన్, చేతి కదలికతోనే స్ప్రింగు చుట్టుకుంటుంది, కీ ఇచ్చే ఏర్పాటు దానిలో లేదు, అది లోపం కాదు. విడిగా ఉన్న ఆరంకెల వరుసలో మొదటిది సంవత్సరపు చివరి అంకె, రెండవది నెల. అక్టోబరుకు సున్నా, నవంబరు, డిసెంబరులకు అంకెకు బదులు ఇంగ్లీషు అక్షరం వేస్తారు. మొదటి అంకె 8 అయితే 1978 కావచ్చు, 1988 కావచ్చు. మీ అన్న దుబాయిలో ఉన్న ఏళ్ళను బట్టి మీరే తేల్చుకోగలరు.

నిమిషానికి ఒకసారి ఆగుతున్నదంటే సెకన్ల ముల్లు తిరిగే చక్రం పళ్ళలో దుమ్మో, ఎండిన నూనెముద్దో అడ్డుపడుతున్నదని మొదటి అనుమానం, ఎందుకంటే నిమిషానికి ఒక చుట్టు తిరిగేది అదే. సెకన్ల ముల్లు వంగి మరో ముల్లుకు తగిలినా ఆగుతుంది కానీ, అప్పుడు ఆ రెండూ కలిసే చోటనే ఆగుతుంది. ఏ అంకె దగ్గర ఆగుతున్నదో ఒక గంట సేపు చూసి రాసుకోండి. ఎప్పుడూ ఒకే చోటైతే చక్రం, చోటు మారుతూ ఉంటే ముళ్ళు. సామాను కొనే ముందు సర్వీసింగ్ చేయించండి. 7009 వాచీలు గల్ఫ్ నుంచి మన పల్లెలకు విరివిగా వచ్చాయి కనుక, అవసరమైతే ఇంకొక పాతది సంపాదించడం కష్టం కాదు. అలా తెచ్చిన వాచీలో వారాల చక్రం మీద ఒకవైపు అరబ్బీ అక్షరాలు ఉండవచ్చు. మీ వాచీలోనూ అవే ఉంటే వాటిని మార్పించకండి, అది దుబాయి నుంచి వచ్చినదనడానికి అదే సాక్ష్యం.

ప్రశ్న: మా నాయన బొంబాయిలో మట్టిపనికి పోయిన కాలంలో కొన్న కామీ వాచీకి స్ప్రింగు తెగింది. బాగుచేసే ఆయన తన డబ్బాలోంచి "పట్టే స్ప్రింగు" ఒకటి వేశాడు. ఇప్పుడు గంటకు ఐదారు నిమిషాలు ముందుకు పోతోంది. స్ప్రింగుకూ టైముకూ సంబంధం ఉంటుందా?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: ఉంటుంది. పెట్టెలో పట్టినంత మాత్రాన అది సరైన స్ప్రింగు కాదు. మెయిన్ స్ప్రింగుకు నాలుగు కొలతలు ఉంటాయి: పట్టీ వెడల్పు, మందం, పొడవు, అది కూర్చునే పెట్టె లోపలి అడ్డుకొలత. వీటిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది మందం. స్ప్రింగు బలం దాని మందానికి ఘనం చొప్పున పెరుగుతుంది. 0.10 మిల్లీమీటర్ల స్ప్రింగు ఉండవలసిన చోట 0.12 వేస్తే, తేడా కంటికి కనపడదు, వేలికి తెలియదు, కానీ బలం దాదాపు ఒకటిముప్పాతిక రెట్లు అవుతుంది. ఆ బలానికి బ్యాలెన్స్ హద్దు మీరి ఊగి, వెనుక నుంచి వచ్చి, దాన్ని తోసే ఫోర్కు కొమ్ముకు కొట్టుకుంటుంది. కీ నిండుగా ఇచ్చినప్పుడు విపరీతంగా ముందుకు పోయి, స్ప్రింగు సగం దిగాక టైము కొంత కుదురుకుంటున్నదా చూడండి. అలా అయితే కారణం ఇదే. అట్లాగే నడిపిస్తే మిగిలిన చక్రాల ఇరుసులూ అరుగుతాయి. స్ప్రింగు పొడవు ఎక్కువైనా ఇబ్బందే. పెట్టె గోడకూ నడిమి ఇరుసుకూ మధ్య ఉన్న జాగాలో సగం స్ప్రింగు, సగం ఖాళీ ఉన్నప్పుడే అది ఎక్కువ చుట్లు తిరిగి వాచీని ఎక్కువ గంటలు నడిపిస్తుంది. నిండా కుక్కితే తిరగడానికి చోటుండదు.

తెగిన పాత స్ప్రింగు ముక్కలను ఆయన పారేయకుండా ఉంటే తెచ్చుకొని మైక్రోమీటరుతో వెడల్పూ మందమూ కొలిపించండి. అయితే ఆ పాతది కూడా ఎప్పుడో ఎవరో వేసిన "పట్టే స్ప్రింగే" కావచ్చు. కనుక మిషన్ అంకె చూసి కేటలాగు కొలతతో సరిపోల్చాకనే కొనండి. అదృష్టవశాత్తు పాత స్విస్ మిషన్ల భాగాలన్నిటిలో ఇంకా కొత్తగా తయారవుతున్నది ఈ ఒక్క స్ప్రింగే అనదగినంత విరివిగా అవి దొరుకుతున్నాయి. కొత్తవి తెల్లని మిశ్రలోహంతో చేసినవి, నీలిరంగు ఉక్కు స్ప్రింగుల్లా తుప్పు పట్టి తెగవు. కొనేటప్పుడు కీ వాచీకా, ఆటోమేటిక్‌కా అన్నది తప్పకుండా చెప్పండి. కీ వాచీ స్ప్రింగు కొస పెట్టె గోడకు కొక్కెంలా తగులుకుంటుంది. ఆటోమేటిక్‌ది స్ప్రింగు నిండాక గోడ మీద జారేలా చేసి ఉంటుంది. ఒకదాని బదులు ఇంకొకటి వేస్తే రెండు వాచీలూ చెడుతాయి.

ప్రశ్న: ఆకుపచ్చ డయల్ ఉన్న హెచ్‌ఎంటీ పైలట్ వాచీని ఇంటర్నెట్‌లో చవకగా కొన్నాను. తళతళ మెరుస్తోంది. అసలుదేనా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: అంత పాత వాచీ అంత తళతళ మెరవడమే మొదటి అనుమానం. పాత డబ్బాకు మెరుగుపెట్టి, డయల్‌ను చెరిపి కొత్త రంగు వేసి, దొరికిన ముళ్ళు పెట్టి అమ్మే వ్యాపారం మన దేశంలో ఏళ్ళ తరబడి సాగుతోంది. పైలట్‌కు పేరు తెచ్చింది రాత్రి మెరిసే అంకెలున్న నల్ల డయల్. కంటి అద్దంతో అక్షరాల అంచులు చూడండి. అసలు డయల్ మీద అవి పదునుగా ఉంటాయి, మళ్ళీ రాసినవి ఉబ్బి, చెదిరి ఉంటాయి. నిమిషాల ముల్లు కొస నిమిషాల గీతలను అందుకోకపోతే ఆ ముల్లు ఇంకో వాచీది.

అయినా మీరు మోసపోయానని బాధపడవలసినంత పని లేదు. చవకగా వచ్చింది, లోపలి మిషన్ జనతాదే అయివుంటుంది. మూత తీసి అంకె చూసుకోండి. పెట్టుకోవడానికి పనికిరాకపోయినా, దేవరకొండ పాఠకుడి వాచీ వంటి దానికి అది మంచి సామాను పెట్టె. నేనైతే అసలు డయల్ ఉన్న వాచీని సామాను కోసం ఎప్పుడూ విప్పను, ఇలాంటి రంగుల వాటినే విప్పుతాను.

ప్రశ్న: మా తాత వెస్ట్ ఎండ్ వాచీ అంకెల మీది పూత రాలుతోంది. ఇప్పుడు చీకట్లో మెరవదు కూడా. గీకి కొత్త రేడియం వేయించవచ్చా?
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: మీరు గీకకండి, ఎవరినీ గీకనివ్వకండి. 1960లకు ముందటి వాచీలలో మెరిసే పూతలో నిజంగానే రేడియం వాడేవారు. మెరుపు పోయింది కనుక రేడియం కూడా పోయిందనుకోవడం పొరపాటు. పోయింది దానితో కలిపిన మెరిసే పొడి శక్తి మాత్రమే. రేడియం సగం తరగడానికి 1,600 ఏళ్ళు పడుతుంది. గాజు బిగించి ఉన్నంతవరకు పెద్ద భయం లేదు, పొడి ఊపిరిలోకో నోట్లోకో పోతేనే ముప్పు. పూత రాలుతున్నది కనుక వాచీని తెరవకుండా, రోజూ పెట్టుకోకుండా, పిల్లలకు అందని, గాలి ఆడే చోట భద్రపరచండి. నడిపించాలనే పట్టుదల ఉంటే, డయల్ మీద రేడియం ఉన్నదని బాగుచేసేవారికి ముందే చెప్పండి. మన దగ్గర ఏ మెరిసే పూతనైనా రేడియం అనే పిలుస్తారు కనుక వాళ్ళు మీ మాటను తేలిగ్గా తీసుకునే ప్రమాదం ఉంది.

ప్రశ్న: మా నాయన నలభై ఏళ్ళు వాచీలు బాగుచేశాడు. ఆయన పోయాక దుకాణంలో ఇరవై దాకా రేకు డబ్బాలు మిగిలాయి, నిండా చిన్న పొట్లాలు, బిరడా పెట్టిన గాజు గొట్టాలు, విప్పిన మిషన్లు. పాత సామాను కొనే ఒకాయన కిలో లెక్కన తీసుకుంటానన్నాడు. నాకు ఈ పని కొంతే తెలుసు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, అచ్చంపేట

జవాబు: ఈసారి వచ్చిన ఉత్తరాలన్నిటిలో నన్ను ఎక్కువ సంతోషపెట్టింది మీదే. పై పాఠకులందరూ వెతుకుతున్నది మీ నాయన డబ్బాల వంటి వాటినే. కొత్త భాగాల తయారీ ఆగిపోయిన మిషన్లకు, ఇలా మూతపడిన దుకాణాలలో మిగిలిన పొట్లాలే ఇప్పుడు గని. హైదరాబాదులో గురువారం జరిగే జుమ్మెరాత్ బజారులోనో, ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో పాత సామాను గుట్టల ముందు గంటల తరబడి కూర్చొనేవాళ్ళు ఇలాంటి డబ్బా ఒక్కటైనా తగలకపోతుందా అనే కూర్చుంటారు. కిలో లెక్కన ఇస్తే ఇత్తడి ధర వస్తుంది, అది మాత్రం వద్దు.

ముందుగా ఏదీ ఒకదానిలో ఇంకొకటి కలపకండి. మీ నాయన ఏ డబ్బాలో ఏది పెట్టాడో, ఆ అమరికే సగం సమాచారం. ప్రతి డబ్బానూ మూత తీసి, పైనుంచి ఫొటో తీసి, డబ్బాకు ఒక అంకె వేయండి. తరువాత పొట్లాల మీది రాతలు చదవండి. స్విస్ పొట్లం మీద మిషన్ గుర్తు, మిషన్ అంకె, తరువాత మూడంకెల భాగం అంకె ఉంటాయి. మిర్యాలగూడ పాఠకురాలికి చెప్పిన 401, 705, 723 ఇవే. ఒక నోటు పుస్తకంలో మిషన్ వారీగా పుటలు కేటాయించి రాసుకుంటూ పోండి. జపాన్ పొట్లాల మీద భాగం అంకె పొడవుగా ఉంటుంది, దాన్ని ఉన్నదున్నట్టు దించండి. చేతిరాత పొట్లాల మీద మీ నాయన ఏ గుర్తులు వాడేవాడో, ఆయనతో కలిసి పనిచేసినవారు ఎవరైనా ఉంటే వాళ్ళను త్వరగా అడిగి తెలుసుకోండి. ఆలస్యం చేస్తే ఆ భాష చదివేవాళ్ళు మిగలరు.

గాజు గొట్టాలలో ఉన్నవి ఎక్కువగా బ్యాలెన్స్ స్టాఫ్‌లూ కీ కాడలూ అయివుంటాయి. పేరు లేని స్టాఫ్‌ను పారేయకండి. మైక్రోమీటరుతో మొత్తం పొడవునూ, కొసల లావునూ మిల్లీమీటరులో నూరో వంతు దాకా కొలిచి రాస్తే, ఆ కొలతను బట్టి అది ఏ మిషన్‌దో తెలిసినవారు చెప్పగలరు. విప్పిన మిషన్లలో బ్యాలెన్స్ బాగున్నవాటిని వేరుగా, మూత గట్టిగా ఉండే డబ్బాలో, తేమ పీల్చే పొడి సంచీ ఒకటి వేసి పెట్టండి. వానాకాలం తేమ ఒక్కటి చాలు హెయిర్ స్ప్రింగులన్నిటికీ తుప్పు పట్టడానికి.

అమ్మేటప్పుడు మొత్తం గంపగుత్తగా ఒకరికే ఇవ్వడం సులువే కానీ, కొనేవాడు అందులోంచి మంచివి ఏరుకొని మిగిలినవి మళ్ళీ ఇత్తడికే వేస్తాడు. ఒకసారి నేనూ అలాంటి గంపలోంచి ఏరినవాడినే కనుక ఈ మాట చెబుతున్నాను. మిషన్ వారీగా జాబితా తయారయ్యాక, ముందుగా మన జిల్లాల్లో ఇంకా పనిచేస్తున్న పనివాళ్ళకు చూపించండి. తరువాత మిగిలినవాటిని ఇంటర్నెట్‌లో మిషన్ అంకె, భాగం అంకె, ఫొటో పెట్టి ఒక్కొక్కటిగా అమ్మవచ్చు. హెచ్‌ఎంటీ 020 కుటుంబపు బ్యాలెన్స్‌లు ఎన్ని ఉన్నాయో లెక్క తేలగానే ఈ శీర్షికకు రాయండి, దేవరకొండకు ఒకటి కావాలి.

పొట్లాలు విప్పే రోజు మాత్రం గదిలో ఫ్యాను ఆపి, బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, దాని అంచును ఒళ్ళోకి వచ్చేలా కప్పుకొని కూర్చోండి.